మూడో దూలం కింద మడమ

ఆ ఏడు సెప్టెంబరు నుంచి నికాసియో నడక చూసి పొద్దెంత ఎక్కిందో చెప్పొచ్చు. ఏడింటికి బారు షట్టరు ఎత్తేటప్పుడు గోడ పట్టుకుని మునివేళ్ళ మీద ఉండేవాడు. తొమ్మిదింటికల్లా మామూలు మనిషి. మూడు గంటలకు, భోజనాల రద్దీ తగ్గాక, కుడికాలు వెనకబడేది. బల్లకూ బల్లకూ మధ్య, ఎవరూ చూడనప్పుడు, దాన్ని తెచ్చుకునేవాడు.

ఇరవై ఆరేళ్ళుగా అతను ఆ బారులో వడ్డిస్తున్నాడు. కింద రాతి నేల. రోజుకు పన్నెండు గంటలు నిలబడేవాడు. ఎవరికి రొట్టె మీద నూనె ఎక్కువ కావాలో, ఎవరికి టమాటా గుజ్జు వద్దో రాసుకోకుండా గుర్తుపెట్టుకునేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే గుచ్చుకునేది.

సంవత్సరంలో ఒక్క బుధవారం, ఈస్టరుకు ముందు వచ్చే పవిత్ర వారంలో, అతను ట్రే పట్టుకోడు. ఆ రోజు మా పేట మరియమాత పల్లకీ మోస్తాడు.

ముప్ఫై మంది బోయీలం. ఆరు దూలాలు, దూలానికి ఐదుగురు. మేం బయటికి కనిపించం. పల్లకీ చుట్టూ ముఖమల్ తెర దిగి ఉంటుంది. నేలకు జానెడు ఎత్తులో ఆగుతుంది. లోపల చీకట్లో, తలకు గోనెచుట్ట కట్టుకుని, దూలాన్ని మెడ వెనక ఎముక మీద మోస్తాం. బయట నడుస్తూ మాకు దారి చెప్పే మేస్త్రీకి మా మొహాలు తెలియవు. చెప్పులు కనిపిస్తాయి, అంతే. తాడు అట్టలున్న గుడ్డ చెప్పులు, అరవై. వాటిని బట్టే ఆయన మమ్మల్ని గుర్తుపడతాడు.

నాది మూడో దూలం, ఎడమ నుంచి రెండో చోటు. ఎడమ చివర నికాసియో. పంతొమ్మిదేళ్ళు అతని భుజం నా భుజానికి ఆని ఉంది. తెర కింద అతని మొహం నేనెప్పుడూ చూడలేదు. అతని ఊపిరి మాత్రం నా ఊపిరిలాగే తెలుసు.

మా సంఘంలో ఒక నియమం ఉంది. యాభై నిండినవాడు తెర కింద దూరకూడదు. నికాసియోకి మే నెలలో యాభై నిండుతాయి. ఏప్రిల్లో వచ్చే బుధవారమే అతనికి ఆఖరుది. ఆ రోజు కాలు మొరాయిస్తే మరో ఏడాది లేదు.

ఈ సంగతి బారులో అందరికీ తెలుసు. అందుకే మడమ నొప్పి మొదలైన వారంలోనే అందరూ వైద్యులయ్యారు. మంగలి డామియాన్ రోజ్‌మేరీ ఆకు నానబెట్టిన స్పిరిటు సీసా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. దానితో తన తండ్రి మోకాలు, తన మెడ, తన గాడిద కాలు బాగయ్యాయన్నాడు. గాడిద ఎన్నాళ్ళు బతికిందని నికాసియో అడిగాడు. వంటామె నీళ్ళ సీసా గడ్డకట్టించి ఇచ్చింది, కాలి కింద దొర్లించమని. అతను కౌంటరు వెనక దొర్లించేవాడు. కాసేపు మొద్దుబారేది. తర్వాత మళ్ళీ అదే.

"మీ ఆవిడ ఎత్తు మడమల చెప్పులు వేసుకురా," అన్నాడు డామియాన్. "మడమ లేస్తే నొప్పి తగ్గుతుందట."

"నీకు గుండు గీయడానికి కత్తి ఎందుకురా, నాలుక చాలు," అన్నాడు నికాసియో.

భార్య రోసాలియా పోరు పడలేక అక్టోబరులో ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ ఫిజియోథెరపిస్టు అంపారో. ఉత్తరాది నుంచి ఆ వేసవిలోనే వచ్చింది. అతని మడమను ఒక్కచోట బొటనవేలితో నొక్కింది. అతను మంచం అంచు పట్టుకున్నాడు. మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఒక పట్టీ ఉంటుందని, అది మడమను పట్టుకున్న చోట దెబ్బతిందని చెప్పింది. పొద్దున్నే మంచం దిగకముందు తువ్వాలుతో పాదాన్ని వెనక్కి లాగాలి. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమను కిందికి దించాలి, పిక్క సాగేదాకా. రోజుకు మూడుసార్లు.

ఎన్నాళ్ళని అడిగాడు. నెలలు పడుతుందంది. ఎక్కువమందికి ఏడాదిలోపు పోతుందంది.

"ఏప్రిల్‌ లోపు?"

"మీ మడమకి నేను క్యాలెండరు చూపించలేను, నికాసియో గారూ."

సూది మందు గురించి అడిగాడు. అది త్వరగా పనిచేస్తుందని, కొన్ని వారాలకే మళ్ళీ మొదటికి వస్తుందని, ఆర్నెల్లు పోయాక చూస్తే సూది వేయించుకున్నవాడూ వేయించుకోనివాడూ ఒకచోటే ఉంటారని చెప్పింది. మడమ మీద తరంగాలతో దెబ్బలు కొట్టే యంత్రం కొందరికి పనిచేసింది, కొందరికి లేదు. ఏదైనా సరే, బరువులు మోయొద్దంది. అతను తల ఊపాడు. బోయీనని చెప్పలేదు. ట్రేలు బరువేమీ కాదన్నాడు.

పదకొండు రోజులు మెట్టు అంచున నిలబడ్డాడు. తేడా కనపడలేదు. మానేశాడు.

నవంబరులో సెవిల్‌ వెళ్ళి ఒక ప్రైవేటు డాక్టరు దగ్గర సూది వేయించుకున్నాడు. మడమలోకి సూది దిగినప్పుడు దాని మొన ఎముకను తాకడం తెలిసిందని నాతో అన్నాడు. మూడో రోజుకు నొప్పి లేదు. డిసెంబరంతా ఒక్క గంట కూడా కుంటలేదు. డామియాన్ అది తన స్పిరిటు మహిమేనని ఊరంతా చెప్పుకున్నాడు.

జనవరిలో ఎత్తులు కొలిచారు. ఏటా కొలుస్తారు. మా మేస్త్రీ ఎవారిస్తోకి డెబ్బై ఒకటి. ఆయన టేపు వాడడు. ప్రతివాడూ బుధవారం వేసుకోబోయే చెప్పులే వేసుకుని గోడవైపు తిరిగి నిలబడాలి. ఆయన అరచేతిని బల్లపరుపుగా చేసి ఒకడి మెడ ఎముక మీంచి పక్కవాడి మెడ మీదికి జరుపుతాడు. చెయ్యి ఎక్కడా ఆగకూడదు, దిగకూడదు. పొడవైనవాళ్ళు ముందు దూలాలకు, పొట్టివాళ్ళు వెనక్కి. ఒక దూలంలో ఒకడు చిటికెనవేలంత ఎత్తున్నా పక్కవాళ్ళ బరువు వాడి మెడకెక్కుతుంది. ఆ రోజు ఆయన చెయ్యి నా మెడ మీంచి నికాసియో మెడ మీదికి నీళ్ళలా జారింది.

ఫిబ్రవరి రెండో వారంలో సూది పని అయిపోయింది.

ఈసారి నొప్పి ముందుకన్నా ఎక్కువగా వచ్చిందని రోసాలియా మా ఆవిడతో చెప్పింది. స్నానాల గదికి వెళ్ళాలంటే కుర్చీని ముందుకు నెట్టుకుంటూ వెళ్తున్నాడట. అతను మందుల షాపులో మడమ దిళ్ళు కొన్నాడు, నీలంరంగు జెల్లీవి. మొదట కుడి చెప్పులో ఒకటే పెట్టుకున్నాడు. నడుము ఒరగడంతో ఎడమదాంట్లో కూడా పెట్టుకున్నాడు. బారులో అవి బాగా పనిచేశాయి. మూడు గంటలకు కూడా కాలు వెనకబడలేదు.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం సాయంత్రం, మొదటి సాధనకి, అతను ఆ దిళ్ళతోనే వచ్చాడు. విగ్రహం లేని పల్లకీ మీద ఇసుక బస్తాలు వేసి పేటంతా తిప్పుతాం. మేస్త్రీ లేవమని పల్లకీ మీద సుత్తితో కొట్టాడు. లేచాం. నాలుగు అడుగులు వేశాక నాకు తెలిసింది, నా మెడ మీద దూలం సరిగా లేదని. ఆని ఉంది, కాని బరువు లేదు. చెయ్యి వేసి మోస్తున్నట్టు నటించేవాడి వాటా నాది.

పక్కన నికాసియో ఊపిరి మారింది. ముక్కుతో తీసుకోవడం మానేశాడు.

సాధన అయ్యాక అతన్ని సందు మలుపులో పట్టుకున్నాను.

"నువ్వు పెరిగావురా," అన్నాను.

"నలభై తొమ్మిదేళ్ళకా?"

"ఎంత మందం అవి?"

అతను అటూ ఇటూ చూశాడు. తర్వాత వేలు, బొటనవేలు దగ్గరకు తెచ్చి చూపించాడు. దాదాపు సెంటీమీటరున్నర.

తీసెయ్యమన్నాను. తీస్తే నడవలేనన్నాడు. మేస్త్రీకి చెప్తే మళ్ళీ కొలుస్తాడన్నాను. కొలిస్తే కాలి సంగతి బయటపడుతుంది, బయటపడితే ఇంటికి పంపిస్తాడు. అది నాకూ తెలుసు.

"ఐదు వారాలు, రామిరో," అన్నాడు. "నీ మెడకి కాస్త విశ్రాంతి అనుకో."

నేను తాపీ పనివాణ్ణి. గోడలో ఒక ఇటుక పైకి పొడుచుకొస్తే పై వరస మొత్తం దాని మీదే కూర్చుంటుందని నాకు తెలియనిది కాదు. అయినా నోరు మూసుకున్నాను. స్నేహం కోసమే అనుకున్నాను. అయితే ఆ వారాల్లో ఇంటికి వెళ్ళి అద్దంలో చూసుకుంటే నా మెడ కమిలి ఉండేది కాదు. అది నాకు బాగానే ఉండేది. ఈ మాట కూడా ఇక్కడ చెప్పాలి.

దిండు వల్ల అతనికి బరువు పెరిగింది. బరువు వల్ల మడమ పాడయింది. మడమ పాడయ్యేసరికి దిండు చాలడం లేదనుకున్నాడు. ఇంకాస్త మందమైనవి కొన్నాడు. బారులో నడిచేవాడికి మేలు చేసే వస్తువు దూలం కిందికి వచ్చేసరికి ఏం చేస్తుందో అతనికి అర్థం కాలేదు. అంత నొప్పిలో ఎవరికీ కాదనుకుంటాను.

నాలుగో సాధననాటికి అతని కుడి మడమ నేలను తాకడం మానేసింది. చీకట్లో చెప్పులు రాతి మీద ఈడ్చే చప్పుడు మాకు తాళం. ముప్ఫై కుడికాళ్ళు ఒక్కసారి నేలను రాస్తాయి, తర్వాత ముప్ఫై ఎడమవి. ఇప్పుడు కుడివైపు చప్పుడుకు ఒక తోక వచ్చింది. అందరూ రాశాక ఒక కాలు, చిన్నగా. బయట మేస్త్రీ పల్లకీ చుట్టూ తిరుగుతున్నాడు. ఆయన బూట్లు తెర కింద మా పక్కకు వచ్చి ఆగడం చూశాను. రెండు అడుగులు మాతో నడిచాయి. వెళ్ళిపోయాయి.

ఆ మర్నాడు నికాసియో నాకు కాఫీ పెట్టి, కౌంటరు మీదికి వంగి, మంగళవారం సెవిల్‌లో టైము తీసుకున్నానన్నాడు. రెండో సూది, పల్లకీకి ముందురోజు. నాలుగేళ్ళు కాదు, నాలుగు వారాలు కాదు, ఒక్క సాయంత్రం నిలబెడితే చాలు ఆ సూది, అన్నాడు.

అంపారో రోజూ పదిన్నరకు కాఫీకి వచ్చేది. ఆ రోజు నేను ఆమె బల్ల దగ్గర కూర్చున్నాను. పేరు చెప్పకుండా అడిగాను. ఒకడు పట్టీ దెబ్బతిన్న మడమలో రెండోసారి సూది వేయించుకుని మర్నాడే బరువు మోస్తే ఏమవుతుందని.

ఆమె నా వైపు చూడలేదు. ట్రేతో వెళ్తున్న నికాసియో కాళ్ళవైపు చూసింది.

"ఎంత బరువు?"

ముప్ఫై మందికి పదిహేను వందల కిలోలని, అందులో కొందరికి తక్కువ, ఒకడికి ఎక్కువని చెప్పాను.

ఆమె కప్పు కింద పెట్టింది. నొప్పి తెలియకపోవడమే ప్రమాదమంది. సూది పట్టీని బాగుచేయదు, నోరు నొక్కుతుంది. ఆ పట్టీ మామూలుగా కొంచెం కొంచెంగా చిరుగుతుంది. రెండు సూదుల తర్వాత, అంత బరువు కింద, ఒకేసారి తెగొచ్చు. తెగితే మనిషి కాలు చెప్పకుండా కూలుతుంది.

"తెగకపోవచ్చు కూడా," అంది. "కాని నేనైతే అతని పక్కన నిలబడను."

ఆఖరి సాధన ఆదివారం. వాలు వీధి దిగుతున్నాం. వాలులో బరువంతా ముందుకు వస్తుంది, మడమలతో ఆపాలి. నా మెడ మీద దూలం తేలుతోంది. నికాసియో నోటితో ఒక చప్పుడు చేస్తున్నాడు, మూలుగు కాదు, లెక్కపెడుతున్నట్టు. మలుపు ఇంకా నలభై అడుగులుంది. అతని భుజం నా మీదికి ఒరిగింది. సర్దుకుంది. మళ్ళీ ఒరిగింది.

తెర లోపలి నుంచి మాట్లాడే హక్కు మాకు లేదు. మేస్త్రీ ఒక్కడే మాట్లాడతాడు. పంతొమ్మిదేళ్ళలో నేనెప్పుడూ నోరు తెరవలేదు.

"మేస్త్రీ," అన్నాను. "దించండి. మూడో దూలం."

పక్కన నికాసియో ఊపిరి ఆగిపోయింది.

సుత్తి మోగింది. దించాం. తెర లేచింది, వెలుతురు పడింది. ఎవారిస్తో వంగి మా ఇద్దరినీ చూశాడు. నికాసియోని బయటికి రమ్మన్నాడు.

"చెప్పులు విప్పు."

నికాసియో రాతి అరుగు మీద కూర్చుని విప్పాడు. మేస్త్రీ చెప్పులోకి చెయ్యి పెట్టి నీలం దిండు తీశాడు. రెండోది తీశాడు. దాని కింద ఇంకొకటి ఉంది. మూడింటినీ రాతి మీద వరసగా పెట్టాడు. ముందు దూలం వాడొకడు, మాకూ ఒకటివ్వండి, పిరుదుల కింద వేసుకుంటామన్నాడు. ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ నన్నూ బయటికి పిలిచి, దిళ్ళు లేని చెప్పులతో నికాసియోని నా పక్కన నిలబెట్టి, అరచేతిని నా మెడ మీంచి అతని మెడ మీదికి జరిపాడు. చెయ్యి నీళ్ళలా జారింది. జనవరిలోలాగే.

"ఇంటికి పో," అన్నాడు.

నికాసియో చెప్పులు మళ్ళీ విప్పి చేత్తో పట్టుకుని ఆ వాలంతా ఉత్తకాళ్ళతో, మునివేళ్ళ మీద ఎక్కాడు. అతని చోట, ఎవరైనా తప్పుకుంటే దూరడానికి వెంట నడిచే మార్పు మనిషి దూరాడు. లేచాం. నా వాటా బరువు నా మెడ మీదికి మొత్తం వచ్చింది. ఎంతుంటుందో మర్చిపోయాను.

సోమవారం బారుకు వెళ్ళాను. నా ముందు కాఫీ పెట్టి వెళ్ళిపోయాడు. చక్కెర ఇవ్వలేదు. రోసాలియా మా ఆవిడతో మాట్లాడటం మానేసింది. మంగళవారం పన్నెండున్నర బస్సుకు అతను సెవిల్‌ వెళ్తాడని అందరికీ తెలుసు. సూది వేయించుకుని వచ్చి మేస్త్రీ ముందు పరుగెత్తి చూపిస్తానన్నాడట.

మంగళవారం నేను బారులో ఉండగా, పదకొండింటికి ఎవారిస్తో లోపలికి వచ్చాడు. ఆయన మామూలుగా రాడు. టోపీ తీసి కౌంటరు మీద పెట్టి, పాలు లేని కాఫీ అడిగాడు. నికాసియో ఇచ్చాడు. చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడ్డాడు. ఏడు నెలలుగా ఊరంతా అతని మడమ గురించే అడుగుతోంది. దానికి జవాబు సిద్ధం చేసుకున్నట్టు నిలబడ్డాడు.

"మోకాళ్ళెలా ఉన్నాయిరా?" అన్నాడు మేస్త్రీ.

నికాసియో తువ్వాలు కింద పెట్టాడు.

మా గుడి గుమ్మం ఎత్తు తక్కువ. కిరీటం తగలకుండా పల్లకీ దాటాలంటే ముప్ఫై మందీ మోకాళ్ళ మీద రావాలి. గచ్చు మీద, అడుగులో పావు చొప్పున, పదిహేను నిమిషాలు. అందరూ భయపడేది దానికే. కుర్రాళ్ళు మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకుంటారు. బయటపడ్డాక కొందరు ఏడుస్తారు. అక్కడ మడమకు పని లేదు. పాదం వెనక ఈడ్చుకొస్తుంది, అంతే.

"గుమ్మం వరకే," అన్నాడు మేస్త్రీ. "బయట లేచేముందు నువ్వు బయటికొచ్చేస్తావు. మార్పు మనిషి దూరతాడు."

"గుమ్మం వరకేనా?"

"సూది వేయించుకున్నావో, అది కూడా లేదు. నొప్పి నీకు తెలియాలి. నీకు తెలియకపోతే నాకెలా తెలుస్తుంది?"

నికాసియో గోడ మీది గడియారం చూశాడు. పదకొండున్నర. కాఫీ తాగి మేస్త్రీ వెళ్ళిపోయాడు. నికాసియో బల్లలు తుడిచాడు, భోజనాలకు పళ్ళేలు సర్దాడు. పన్నెండున్నరకు బస్సు చౌకులోకి వచ్చి, ఆగి, వెళ్ళింది. అతను కిటికీవైపు వీపు పెట్టి గ్లాసులు కడుగుతున్నాడు. నేను ఇంకా అక్కడే కూర్చున్నాను. నా ముందు చక్కెర పొట్లం పెట్టాడు. నా కాఫీ ఎప్పుడో అయిపోయింది.

బుధవారం పొద్దున మేస్త్రీ గుడిలో మమ్మల్ని ఐదుగురినీ మోకాళ్ళ మీద నిలబెట్టి మళ్ళీ కొలిచాడు. మోకాళ్ళ మీద చెప్పుకు లెక్క లేదు. ఆయన చెయ్యి అటూ ఇటూ జరిగింది, సరేనన్నాడు.

సాయంత్రం ఆరింటికి సుత్తి మోగింది. లోపల చీకటి, కొవ్వొత్తుల మైనం వాసన, ముప్ఫై ఊపిర్లు. నికాసియో భుజం నా భుజానికి ఆనింది. దూలం మా ఇద్దరి మెడల మీదా సమానంగా కూర్చుంది. నా వాటా నాకు, అతని వాటా అతనికి. ఫిబ్రవరి తర్వాత అదే మొదటిసారి. కుడి మోకాలు, ఎడమ మోకాలు. గచ్చు మీద ఇసుక గుచ్చుకుంటోంది. పైన కిరీటానికీ గుమ్మం కమ్మీకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. మేస్త్రీ గొంతు తగ్గించి చెప్తున్నాడు, ఎడమకు కొంచెం, ఇంకొంచెం, ఆగండి. ఆగాం. వెనక దూలంలో ఒకడి తొడ వణుకుతూ దూలాన్ని వణికిస్తోంది. నికాసియో ఊపిరి ముక్కుతో తీసుకుంటున్నాడు.

"రామిరో," అన్నాడు. తెర కింద అతను నాతో మాట్లాడటం అదొక్కసారే.

"చెప్పు."

"బరువుగా ఉందా?"

"ఉంది."

"మంచిది," అన్నాడు.

తెర కింద అంచు తెల్లబడింది. వీధి. చప్పట్లు వర్షంలా మొదలయ్యాయి. సుత్తి. దించాం. అతని భుజం నా భుజం నుంచి విడిపోయింది. తెర లేచింది, పడింది. వేరొకడు వచ్చి చేరాడు.

ఆ వేసవి నుంచి నికాసియో రోజూ షట్టరు ఎత్తకముందు బారు మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడేవాడు, మడమలు గాలిలో దించి, గోడకు రెండు చేతులూ ఆనించి. ఇప్పుడు తొందర లేదు. ఏడింటికి పనికి పోయేవాళ్ళు, ఎగురుతావా ఏంటి అని అడిగేవారు. అక్టోబరులో ఒకరోజు మంచం దిగి స్నానాల గది దాకా వెళ్ళాక గుర్తొచ్చిందట, నొప్పి లేదని. డామియాన్ స్పిరిటే అన్నాడు. వంటామె సీసా అంది. అంపారోని అడిగితే, పోయే టైముకు పోయి ఉంటుందని, మెట్టు కాస్త సాయం చేసి ఉండొచ్చని చెప్పి కాఫీ తాగింది.

మరుసటి ఏడు బుధవారం నా పక్కన కొత్తవాడు. గుమ్మం దాటాం, లేచాం, వాలు దిగాం. తెర కింద జానెడు వెలుతురులో, మూడో దూలం పక్కనే, ఒక జత నల్ల బూట్లు మాతో నడిచాయి. బారులో వేసుకునేవి. మడమ ఆనేది, తర్వాత వేళ్ళు. మడమ, వేళ్ళు. ఊరేగింపు సాగిన ఆరు గంటలూ అవి వెనకబడలేదు.